వీరలక్ష్మి అద్దె కాగితం

అమలాపురంలో మా ఆడిటర్ ఆఫీసులో పన్నెండున్నర అయ్యేసరికి లెక్కలన్నీ పక్కకి పోతాయి. వీరలక్ష్మి క్యారేజీ వచ్చే వేళ అది. నేనక్కడ గుమాస్తాని. పదకొండేళ్ళుగా ఆవిడ వండిన పనసపొట్టు కూర, చింతచిగురు రొయ్యలు తింటున్నవాణ్ణి. అందుకని ఈ సంగతిలో నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పేసుకుంటున్నాను.

వీరలక్ష్మికి యాభై రెండేళ్ళు. భర్త పోయాక ఐనవిల్లి వైపు నుంచి నాలుగు గిన్నెలతో వచ్చి, పెదబాబు గారి పెంకుటింట్లో దిగింది. పెరట్లో పొయ్యి పెట్టి రోజూ ముప్ఫై క్యారేజీలు పంపుతుంది. ఆ ఇల్లు పోతే ఆవిడకి పడుకునే చోటుతో పాటు బతుకుతెరువూ పోయినట్టే. అయినా పందొమ్మిదేళ్ళలో ఒక్క కాగితం రాసుకోలేదు. ఏటా ఉగాదినాడు ఆ నెల అద్దె తమలపాకుల్లో పెట్టి ఇస్తుంది, పెదబాబు గారు కళ్ళకద్దుకుని తీసుకుంటారు. ఇంకో ఏడాదికి అదే వాళ్ళ అగ్రిమెంటు.

ఈ ఏడు ఉగాదికి నెల ముందు ఆయన పెరట్లోకొచ్చి, మజ్జిగ తాగి, నేల చూపులు చూస్తూ ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఓ రొయ్యల మేత కంపెనీకి గెస్ట్‌హౌస్ కావాలట. ఈవిడ నాలుగువేలు ఇస్తోంది, వాళ్ళు పన్నెండు ఇస్తామన్నారు. ఆ వీధిలో అప్పటికే ఐదిళ్ళు వాళ్ళే తీసుకున్నారు. అది చూసి మిగతా ఇళ్ళవాళ్ళు కూడా అద్దెలు పెంచేశారు. ఖాళీ చేసినవాళ్ళలో ఒక తాపీమేస్త్రి, పెళ్ళాం పిల్లలతో కళ్యాణమండపం వెనక వసారాలో పరదా కట్టుకుని ఉంటున్నాడు. ఊళ్ళో సగం ఇళ్ళు కట్టినవాడికి తలదాచుకునే చోటు లేదంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

వీరలక్ష్మి ఊరంతా తిరిగింది. పెరట్లో పొయ్యి కుదరదన్నారు కొందరు, ఎనిమిదివేలకి పైసా తగ్గేది లేదన్నారు కొందరు. ఒకరోజు మా ఆఫీసులో గిన్నెలు సర్దుతూ నన్నడిగింది, మూడింతలు అద్దె కడితే ఆ కంపెనీకి నొప్పి తెలీదా అని. తెలుసున్నది చెప్పాను. కంపెనీ కట్టే అద్దె ఖర్చు కింద రాస్తారు, దాంతో చూపించే లాభం తగ్గుతుంది, ఆ మేరకి పన్నూ తగ్గుతుంది. రూపాయి అద్దె కడితే పావలా దాకా పన్నులోనే కలిసొస్తుంది.

ఆవిడ గరిటె పట్టుకునే నా వైపు తిరిగింది.

“అయితేనండీ, నేను కట్టే అద్దె నా ఒక్కదాని ఖర్చు. వాళ్ళు కట్టేదాంట్లో సర్కారుకి రావాల్సిన ఊరందరి డబ్బూ ఉందన్నమాట. మరి నా వాటా కింద ఆ గెస్ట్‌హౌస్‌లో ఓ గది ఇమ్మనండి.”

ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వాం. ఇరవై ఏళ్ళుగా ఈ లెక్కలు రాస్తూ కూడా నాకా ముక్క తట్టనందుకు సిగ్గేసింది.

ఇంతలో పెదబాబు గారికే చిక్కొచ్చింది. కంపెనీవాళ్ళు పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, స్టాంపు కాగితం మీద సంతకం అడిగారు. ఆయనకి కొబ్బరి దింపు డబ్బులైనా, అద్దె డబ్బులైనా చేతికి రావడమే తెలుసు. కాగితం మీద పేరు పడితే ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ళు జీపేసుకుని వచ్చేస్తారని హడలిపోయి, ఆ గోడు వీరలక్ష్మి దగ్గరే వెళ్ళబోసుకున్నారు. ఆయన భయపడి మానుకుంటే ఆవిడ ఇల్లు నిలుస్తుంది. నేనైతే ఇంకాస్త భయపెట్టేవాణ్ణి. ఈ మహాతల్లి మర్నాడు క్యారేజీతో పాటు ఆయన్నీ వెంటబెట్టుకుని మా ఆఫీసుకి వచ్చింది.

మా ఆడిటర్ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు అన్నీ విని, కొబ్బరి రాబడి వ్యవసాయం కింద పోతుందనీ, పన్నెండువేల అద్దెకి పైసా పన్ను పడదనీ తేల్చేశారు. పెదబాబు గారి మొహం వెలిగిపోయింది. ఇక ఆయన్ని ఆపేది ఏదీ లేదు. వీరలక్ష్మి మొహం చూడలేక ఫైళ్ళు సర్దుతూ కూర్చున్నాను.

“నాకు పన్ను పడదని నీకు ముందే తెలుసేంటమ్మా?” అని పెదబాబు గారు అడిగారు.

“తెలీదండీ. పడితే పడుద్ది, లేపోతే లేదు. మీరు బెంగతో అన్నం మానేసేరు కదండీ, బాబుగారూ,” అంది.

 అది విని ఆయన నన్ను స్టాంపు కాగితం తెమ్మన్నారు. కంపెనీకే అనుకుని మొహం మాడ్చుకునే తెచ్చాను.

“ఈవిడ పేరు రాయండి. అయిదేళ్ళకి,” అన్నారు.

పదకొండు నెలలు దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలన్నాను. ఆయ్, చేయించేద్దామన్నారు. అంతలోనే తేరుకుని అద్దె వెయ్యి పెంచాలన్నారు. వీరలక్ష్మి అయిదొందలంది. అరగంట బేరమాడి, ఏడొందలకీ, ఆదివారం ఒక క్యారేజీకీ ఒప్పుకున్నారు. ఆ అరగంటా ఇద్దరూ మహా హుషారుగా ఉన్నారు.

చిరునామా ఏం రాయమంటారని వీరలక్ష్మిని అడిగాను. ఆవిడ ఆధార్‌లో ఇంకా పాత ఊరే ఉంది. పందొమ్మిదేళ్ళుగా ఉంటున్న ఇంటి నంబరు ఆవిడకి తెలీదు. ఎవరూ అడగలేదు, ఎక్కడా రాయనక్కర్లేకపోయింది. పెదబాబు గారు చెప్పారు, నేను రాసి ఆవిడ వైపు తిప్పాను. ఆ అంకెలు వేలు పెట్టి రెండుసార్లు పైకి చదువుకుంది. ఖాళీ చెయ్యమన్న రోజున కన్నీటి చుక్క రాల్చని మనిషి అప్పుడు ఏడ్చింది.