అమెరికా రాకుండా కాపలా

ఆ రోజుల్లో నేను చాలా నమ్మకస్తుణ్ణి. (ఆ రోజులంటే ఎప్పటివో అనుకునేరు, పోయిన ఎండాకాలం నాటివే. మనిషి ముసలివాడు కావడానికి దోహాలో ఒక్క ఎండాకాలం చాలు.) జగిత్యాల నుంచి వచ్చి, ముషైరిబ్‌లోని ఒక అద్దాల మేడలో, యూరప్ వాళ్ళ కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో కుదురుకున్నాను. ఇంటి దగ్గర ఒక సంబంధం కూడా దాదాపు ఖాయమైంది. అమ్మాయిది మెట్‌పల్లి, మందుల దుకాణంలో పని. అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. ఆమె నవ్వు విన్న రోజు మెట్రోలో నిలబడి వెళ్ళినా కూర్చుని వెళ్ళినట్టే ఉండేది. లీవు పెట్టి వెళ్ళి నిశ్చితార్థం చేసుకు రావడమే తరువాయి. సరిగ్గా అప్పుడే అమెరికాకూ యూరప్‌కూ చెడింది.

వాళ్ళకు చెడితే నీకేం పోయింది అంటారా? నేనూ అలాగే అనుకుని హాయిగా టీ తాగుతున్నాను. మా డైరెక్టరు మాత్రం వార్తలు చూసి చూసి సగమైపోయాడు. కంపెనీ మెయిళ్ళు, డ్రాయింగులు, సమస్తం ఏదో అమెరికా కంపెనీ వారి యంత్రాల్లో ఉన్నాయట. "రేపు వాళ్ళ పెద్దలకు కోపమొచ్చి ఎవరో ఒక మీట నొక్కితే మనం తలుపులు మూసుకోవడమే" అని మీటింగులో బల్ల గుద్దాడు. (ఆ భయాలన్నీ ఆయన తన అమెరికా ఫోన్లోంచే చదివి వినిపించాడు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనసలే ఎత్తలేదు.) అన్నిటినీ మన సొంత సర్వర్‌లోకి తెచ్చుకుందామన్నాడు. బీరువా అంత పెట్టె ఒకటి దిగింది. అంత వేడి పుట్టించేదాన్ని లోపలికి రానివ్వమని అద్దాల మేడ వాళ్ళు అడ్డం తిరిగారు. దాంతో ఉమ్ ఘువైలినాలో పాత సామాన్లు పడేసుకునే మా కంపెనీ ఫ్లాట్లో, ఒక గదిలో పెట్టారు. "నువ్వు అటూ కాదు, ఇటూ కాదు. నిన్నొక్కణ్ణే నమ్ముతాను" అంటూ డైరెక్టరు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నేను పిచ్చివాడిలా పొంగిపోయాను.

ఎండలు ముదిరేసరికి ఆ గదిలో ఏసీ చచ్చిపోయింది. బిల్డింగు చూసే అరబ్బాయన్ని ఎప్పుడడిగినా "బుక్రా" అంటాడు, అంటే రేపు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. పెట్టె వేడెక్కితే ఆకలేసిన మేకపిల్లలా అరిచేది. అప్పుడు నేను ఫ్యాను దాని మొహాన తిప్పి, అది చాలక అట్టముక్కతో విసరాలి. ఒకసారి దుమ్ము దులుపుదామని మూత తీస్తే లోపలి చిప్పుల మీద అమెరికా కంపెనీ పేరు! పరుగున వెళ్ళి డైరెక్టరుకు చెప్పాను. ఆయన లేచి గది తలుపు వేసి, "ఈ మాట ఎవరితోనూ అనకు" అన్నాడు. అమెరికా సొమ్మును అమెరికా నుంచి కాపాడుతున్నానని అప్పుడర్థమైంది. అయినా విసరడం మానలేదు.

మా వైపు గల్ఫ్ పెళ్ళికొడుకు మాట నమ్మి పిల్లనివ్వరు. ఆ దేశంలో ఉన్న చుట్టాన్ని పంపి, డ్యూటీ కళ్ళారా చూసి రమ్మంటారు. అమ్మాయి మేనమామ అల్ వుకైర్‌లో సైటు మేస్త్రీ. ఒక శుక్రవారం అరటిపండ్లు పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నేను చెమటకు తడిసిన బనియన్‌తో, మెడలో తాళంచెవి, చేతిలో అట్టముక్కతో గది తలుపు దగ్గర స్టూలు మీద ఉన్నాను.

"కంప్యూటర్ డ్యూటీ అన్నరు గద బిడ్డా?"

"గిదే మామా కంప్యూటర్."

"తెర లేదేంది?"

"దీనికి తెర ఉండది."

"మరి నువ్వేం చేస్తవ్?"

"చూస్కుంట."

"ఎవలు రాకుంట?"

"అమెరికోళ్ళు."

ఆయన మెల్లగా వరండాలోకి తొంగి చూశాడు. అక్కడ ఒక నేపాలీ అబ్బాయి లుంగీ ఆరేసుకుంటున్నాడు, అంతే. "ఈడికి అమెరికోళ్ళు ఎందుకొస్తరు బిడ్డా?" అన్నాడు ఎంతో జాలిగా. నేను యూరప్ రాజకీయం మొదలుపెట్టేలోగా పెట్టె అరిచింది, నేను లేచి విసిరాను. ఇక ఆయనకు అనుమానమేమీ మిగల్లేదు. "మాఫీ ముష్కిల్, ఏం ఫికర్ లేదు. ఏ పనైతేంది, పొట్టకే గద" అని అరటిపండ్లు నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు అమ్మ ఫోన్. (గల్ఫంతా ఆమెకు దుబాయే.) "ఏంరా, దుబాయ్‌ల ఎవని డబ్బా కాడనో కూసున్నవంట? కంప్యూటరన్నోడు వాచ్‌మన్ ఎట్లయిండని పిల్ల నాయిన అడుగుతుండు."

"అమ్మా, అది సర్వర్. అమెరికాకు, యూరప్‌కు..."

"వాళ్ళ లొల్లి నాకెందుకురా? నువ్వచ్చి నలుగుట్ల కనబడు, గంతే."

లీవు కోసం డైరెక్టరు కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ పరిస్థితుల్లోనా? నువ్వు తప్ప నాకెవరున్నారు?" అని కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, కారణం వేరు.

చివరికి అమ్మాయే ఫోన్ చేసింది. నేను గదిలోనే ఉన్నాను.

"మీరు వాచ్‌మన్ కాదని నాకెరుకే" అంది. ప్రాణం లేచొచ్చింది. "వాచ్‌మన్ అయినా మంచిగుండు. వాచ్‌మన్‌కు ఇంకో వాచ్‌మన్ వస్తడు, డ్యూటీ మారుతది. మీకు ఎవరొస్తరు?"

వెనకాల పెట్టె అరిచింది. "ఒక్క నిమిషం" అని ఫోన్ స్టూలు మీద పెట్టి, విసిరి, అది చల్లబడ్డాక వచ్చి చూస్తే ఆమె పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

చలికాలంలో డైరెక్టరు బదిలీ అయి వెళ్ళిపోయాడు. కొత్తాయన ఆ వేడీ గోలా చూసి, అన్నిటినీ తిరిగి అమెరికా వారి యంత్రాల్లోకే ఎక్కించాడు, నా చేతే. అమ్మాయికి కోరుట్లలో పెళ్ళయిందని మేనమామే చెప్పాడు. మనసుల పెట్టుకోకు బిడ్డా అని కూడా అన్నాడు. పెట్టుకున్నాను, చాలా రోజులు. ఇప్పుడు, రెండు ఖండాల తగాదాకు ఒక్కడే కూర్చుని గాలి విసిరిన ఆ పిల్లవాణ్ణి తలుచుకుంటే నవ్వే వస్తుంది. ఎదురైతే రెక్క పట్టి లేపి, "అరిస్తే అరవనియ్‌రా, ముందుగాల ఆమెకు జవాబు చెప్పు" అందామని ఉంటుంది. వింటాడన్న నమ్మకం మాత్రం లేదు.