బడి పెరట్లో దొరికిన ఎముక

నిరుడు దబీర్‌పురాలోని ఒక బడికి పురావస్తు తవ్వకం నేర్పడానికి వెళ్లాను. పెరట్లో ముందురోజే కుండపెంకులు పాతిపెట్టాను. ఇది సజావుగా జరిగితేనే ఏడాదంతా క్లాసులకు అనుమతిస్తానని హెడ్మాస్టరు గారు ముందే చెప్పారు.

పిల్లలు తవ్వడం మొదలుపెట్టిన పది నిమిషాలకే ఎనిమిదో తరగతి అఫ్రీన్ అరిచింది. "సార్, ఎముక!"

నేను పాతిపెట్టనిది అదొక్కటే. పిల్లలు గోడెక్కారు. హెడ్మాస్టరు గారు కుర్చీ ఎక్కారు.

"ఏంది సార్ గిది? మనిషిదా? బంద్ పెట్టుండ్రి మీ తవ్వకం!"

నేను బ్రష్‌తో ఎముక మీది మట్టి దులుపుతూనే ఉన్నాను. "ఏది దొరికినా ఎక్కడ, ఎంత లోతులో అన్నది రాసుకోవాల్సిందే" అన్నాను. అఫ్రీన్ ఒక్కతే వెనక్కి వచ్చి కొలిచింది.

వాచ్‌మన్ ఖాజా భాయ్ ఎముకను తిప్పి చూసి హెడ్మాస్టరు గారి వైపు తిరిగాడు. "మేక నల్లి బొక్క సార్! పోయినసారి బళ్లె దావత్‌ల మీరే మళ్లడిగి తిన్నరు గదా, నేనే ఈడ పాతిపెట్టిన!"

హెడ్మాస్టరు గారు మెల్లగా కుర్చీ దిగారు. ఎవరేం తిన్నారో ఎముకలే చెబుతాయని నేను పాఠం మొదలుపెట్టేలోపే అఫ్రీన్ ఎముకకు కట్టాల్సిన చీటీ రాసేసింది: "మేక నల్లి. తిన్నది హెడ్మాస్టర్ సార్."

"నా పేరు కొట్టెయ్యి బిడ్డా."

"కొట్టేస్తే ఆధారం పోతది సార్."

ఏడాదికి అనుమతి దొరికింది. ఆ పిల్లకు నేర్పడానికి నా దగ్గర ఇంకేం మిగిలిందో మాత్రం ఇప్పటికీ తెలియదు.