ఇల్లరికం లేని లెక్క

మా ఎదురింటి హిమజ కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తేది. ఇప్పుడు హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నా అదే వరస. మొన్న వేసవిలో మా ఊరు పెదకూరపాడు వచ్చి, ల్యాప్‌టాప్ వరండాలో పెట్టుకుని, అది లెక్క తేల్చేలోపు గేటుకీ వరండాకీ మధ్య నేల అరిగేలా తిరిగింది. "కాసేపు కూకోవే, నా కళ్ళు తిరుగుతున్నాయి" అని కసిరాను కూడా.

ఆ పిల్ల చేసే పని వింటే మీరూ నాలాగే ముక్కున వేలేసుకుంటారు. వేల ఏళ్ళ క్రితం నియాండర్తల్ అనే వేరే రకం మనుషులు ఉండేవాళ్ళట. మన పూర్వీకులు ఆఫ్రికా దాటి వచ్చాక వాళ్ళతో కలిసి పిల్లల్ని కన్నారట. ఆ జాతి పోయింది గానీ వాళ్ళ రక్తం నూటికి ఒకటి రెండు పాళ్ళు మనలో మిగిలిందట, మీలోనూ నాలోనూ. ఎవరు ఎవరితో కలిసి, పిల్లలు ఎక్కడ పెరిగితే మనం ఇలా తయారవుతామో కంప్యూటర్లో ఉత్తుత్తి మనుషుల్ని పెట్టి, తరాల తరబడి నడిపించి చూడటం హిమజ పని. దాన్ని మోడల్ అంటారు.

ఆ మోడల్ మొండికేసింది. తల్లి నుంచే బిడ్డకి వచ్చే గుర్తు ఒకటుంటుందట. నియాండర్తల్ తల్లుల గుర్తు ఇవాళ్టి మనుషుల్లో ఎక్కడా దొరకలేదు. హిమజ కంప్యూటర్లో మాత్రం అది ప్రతిసారీ బోలెడంత మిగిలిపోతోంది. సోమవారం గైడ్ మేడమ్‌కి చూపించాలి. ఈసారీ కుదరకపోతే ఇది ఆపేసి వేరే విషయం చూసుకోమందట ఆవిడ. ఏళ్ళ తరబడి చేసిన చాకిరీ గంగలో కలిసినట్టే. చెబుతూనే మళ్ళీ గేటు దాకా పోయొచ్చింది పిల్ల.

హిమజ తండ్రి పున్నారావు ధరణికోట నుంచి ఇల్లరికం వచ్చినవాడు. అత్తగారు సుబ్బరత్నమ్మకి మగపిల్లల్లేరు. ఉన్న ఒక్క కూతుర్నీ పంపలేక అల్లుణ్ణే ఇంటికి తెచ్చుకుంది. ఆ పొలంలో మిరప వేసి, పత్తి వేసి, నడుం విరిగేలా పనిచేసింది ఆయనే. అయినా ఊళ్ళో ఆయన పేరు సుబ్బరత్నమ్మ గారి అల్లుడే. సొంత వరండాలోనూ చెప్పులు విప్పడు, ఎవరో పిలుస్తారన్నట్టు గేటు వైపే చూస్తుంటాడు. కూతురికి నిలకడలేనితనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు.

శనివారం పొద్దున నేను వాళ్ళ వరండాలో ఉండగా పుల్లారావు వచ్చాడు, కాలవ నీళ్ళ గురించి మీటింగుకి పిలవడానికి. తన చెయ్యి పడందే ఊళ్ళో ఏదీ జరగదనుకునే రకం. పున్నారావు ఎదురుగా స్టూలు మీద కూర్చునే ఉన్నాడు.

"ఏమ్మా, ఇంట్లో పెద్దోళ్ళెవురూ లేరా?" అన్నాడు హిమజతో.

"మా నాన్న కనపడలా మీకు?"

"అల్లుడేగామ్మా. ఇది ఊరోళ్ళ యవ్వారం. మీ అమ్మమ్మకి చెప్పు."

"ఇంకా ఎన్నాళ్ళుంటే లెక్కలోకొస్తాడు మా నాన్న?" అని అరిచింది హిమజ. పుల్లారావు ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది.

అరిచిన పిల్ల ఉన్నచోటే బిగుసుకుపోయింది. "పిన్నీ, నేనూ లెక్కలోకి తీసుకోలా."

"ఏందే నువ్వనేది?"

ఇద్దరు కలిస్తే ఆడమనిషే మగాడి గుంపులోకి పోతుందని, పిల్లలు తండ్రి గుంపులోనే పెరుగుతారని మొదట్లోనే మోడల్లో రాసేసుకుందట. పెళ్ళయితే పిల్ల అత్తారింటికి పోవడమే మనం చూసేది, ఇంకోలా ఉంటుందని తోచనే లేదట. దాంతో మన గుంపుల్లోకి నియాండర్తల్ ఆడవాళ్ళే వచ్చారు, వాళ్ళతోపాటు వాళ్ళ తల్లి గుర్తూ వచ్చింది. మగాడు ఆడదాని గుంపులోకి రావడమన్నది ఆ లెక్కలోనే లేదు. ఇల్లరికపు అల్లుడి కూతురు ఇల్లరికాన్నే మరిచిపోయింది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

వెంటనే కూర్చుని దిద్దింది. నియాండర్తల్ ఆడవాళ్ళకి బదులు వాళ్ళ మగవాళ్ళు కొందరిని మన ఆడవాళ్ళ గుంపుల్లోకి రానిచ్చింది. తండ్రి రక్తం ఇస్తాడు గానీ ఆ తల్లి గుర్తు ఇవ్వలేడు కదా. సాయంత్రం దాకా మళ్ళీ అదే తిరుగుడు, గేటుకీ వరండాకీ. చివరికి ల్యాప్‌టాప్ చూసి "వచ్చింది పిన్నీ!" అని నా చెయ్యి గిల్లేసింది. నియాండర్తల్ తల్లుల గుర్తు పోయింది, రక్తం మాత్రం నూటికి రెండు పాళ్ళ దగ్గర నిలిచింది. "ఇట్టాగే జరిగిందని కాదు, జరిగుండొచ్చు, అంతే" అంది గానీ మొహం వెలిగిపోతోంది.

తండ్రికి చెప్పింది. పున్నారావు అంతా విన్నాడు.

"అంటే ఒకడు పరాయి గుంపులోకొచ్చి, అక్కడే ఉండిపోయాడు."

"అవును నాన్నా. ఆయన పిల్లల పిల్లలమే మనం."

పున్నారావు తన కాళ్ళకున్న చెప్పుల వైపు చూసుకున్నాడు.

"మరి ఆ గుంపోళ్ళు ఆయన్ని పేరెట్టి పిలిచేవోళ్ళంటావా?"

ఎప్పుడూ కుదురుగా ఉండని పిల్ల ఆయన కాళ్ళ దగ్గర కూలబడిపోయింది. "అది మోడల్లో తేలదు నాన్నా" అంది.

పున్నారావు మళ్ళీ గేటు వైపు చూశాడు.