ఆకలి కూడా కోయించుకున్న మనిషి

"గిన్నె పక్కన పెట్టీండి, ముందు ఆవిణ్ణి పడుకోబెట్టండి" అన్నాను. నీలవేణి గారి ఒళ్ళంతా చెమట. గుండె దడదడా కొట్టుకుంటోంది. ఆమె భర్త అప్పన్న గారు పరమాన్నం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

పోయినేడు పలాసలో ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సుగా చేస్తూ, ఆపరేషన్ అయినవాళ్ళని ఇళ్ళకెళ్ళి చూసొచ్చేదాన్ని. వీళ్ళది కంచిలి దగ్గర కొబ్బరితోటల ఊరు. ఆయన డయాలసిస్ మీద ఉన్నారు. తన కిడ్నీ ఆయనకి ఇస్తానని ఆమె వెళ్తే, ఇంత బరువుతో కుదరదన్నారు విశాఖ డాక్టర్లు. అందుకే బరువు తగ్గడానికి ఆమె మా దగ్గర స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే పొట్టలో చాలా భాగం తీసేసి, సన్నటి గొట్టంలా మిగులుస్తారు.

బీపీ, షుగరు చూసి డాక్టరు గారికి ఫోన్ చేశాను. డంపింగ్ అన్నారు. తీపి గబుక్కున పేగులోకి దిగిపోతే, పేగులో హార్మోన్లు ఒక్కసారిగా పెరిగి ఇలా అవుతుందట. కాసేపటికి ఆమె తేరుకున్నారు.

తీపి వద్దన్నాం కదా అనడిగితే ఆయన గుమ్మంలో కూలబడ్డారు. ఆపరేషన్ అయినప్పట్నుంచి ఆమె ఆకలి అన్న మాటే అనలేదట. పెళ్ళైన దగ్గర్నుంచి ఇద్దరూ కలిసే తింటారు. ఆమె తినకపోతే ఆయనకీ ముద్ద దిగడం లేదు. అందుకే, పొటాషియం ఎక్కువని తను తాగకూడని కొబ్బరిపాలు తీసి, బెల్లం వేసి, ఆమె కోసం పరమాన్నం తనే వండారు.

"నాకోసరం ఆకలి కూడా కోయించేసుకుంది సిస్టరమ్మా. ఈ మడిసి బతుకుతాదా సెప్పు?"

"నీ పరమాన్నం తిని కూడా బతికే ఉన్నాను కదేటి మావా" అన్నారు ఆమె, పడుకునే.

ఆయన మాట సగం నిజమే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది, కోసి తీసేసిన ఆ భాగంలోనే. పైగా కడుపు నిండిందని చెప్పే పేగు హార్మోన్లు పెరుగుతాయి. ఆకలి లేకపోయినా మందు వేసుకున్నట్టు వేళకి కొంచెం కొంచెం తినాలి. ఇదంతా ఆపరేషన్‌కి ముందు ఆమెకి చెప్పాం. ఆ రోజు ఆయన డయాలసిస్‌లో ఉన్నారు. ఆయనకి ఎవరమూ చెప్పలేదు. ఒక్కరి పొట్ట కోస్తే ఇద్దరి అన్నం మారిపోతుందని నాకు అప్పుడే తెలిసింది.

"మీరు తిండి మానేసి నీరసపడితే, ఆ కిడ్నీ ఎవలికి పెడతారు బాబూ?" అన్నాను. 

మర్నాడు పొద్దున్న డ్యూటీ లేకపోయినా కంచిలి బస్సెక్కాను. ఆమెకి చిన్న కప్పులో పలచటి పెసరకట్టు, ఆయనకి కంచంలో ఇడ్లీలు పెట్టి, ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఆమె గుక్క గుక్కగా మెల్లగా తాగే ఆ కప్పు ఖాళీ అయ్యేదాకా ఆయన కంచం ఖాళీ కాకూడదని చెప్పాను.