ఊ కొట్టే జాగా

గల్ఫ్‌లోని రువైస్‌లో పోశయ్య పని కాంక్రీటుకు నీళ్లు పట్టడం. కొత్తగా పోసిన కాంక్రీటు మీద గోనెసంచులు పరిచి, అవి ఆరిపోకుండా పొద్దంతా పైపుతో తడుపుతూ ఉండాలి. ఎండాకాలంలో సముద్రం మీది ఆవిరీ, గోనెల మీది ఆవిరీ కలిసిపోయి రిఫైనరీ గొట్టాలు నీళ్లలో నిలబడి ఊగుతున్నట్టు కనిపించేవి. ఆ మసకలో ఆయన తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగేవాడు. పాస్‌పోర్టులో నలభై ఏళ్లు. నిజానికి యాభై దాటాయి. ఆ తేడాను నెలకోసారి జుట్టుకు రంగేసి కప్పేవాడు.

ఎనభై రెండులో ఆయన గదికి భోజన్న అనే మనిషి కొత్తగా వచ్చాడు. ఇద్దరివీ కరీంనగర్ జిల్లాలో పక్కపక్క తాలూకాలు. శుక్రవారం సెలవునాడు అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటున్నప్పుడు, భోజన్న తన తల్లి కొమురవ్వ తిట్లను ఆమె గొంతుతోనే వినిపించి నవ్వించాడు.

“పొయ్యి అంటియ్యంగనే షురూ జేస్తది. ‘ఓ సగం చెవులోడా, నీ బొంబాయిల మన్నువడ! నీ ఉంచుకున్నదాని నోట్లె మన్నువడ!’ మా నాయిన మొఖం నేను జూడలే గని, తిట్లు మటుకు అన్నీ నాకు కంఠస్తమే.”

“సగం చెవేంటయ్యా?” అన్నాడు మీరా హుస్సేన్. బాపట్ల వైపు మనిషి, కంపెనీ బస్సు నడుపుతాడు.

“తాటివనంల ఎలుగుబంటి గీరింది. ఎడమ చెవి కింది సగం పోయింది. నేను కడుపుల ఉండంగనే బొంబాయి పోయిండట, మళ్ల రాలే.”

పోశయ్య చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. “బొంబాయి పోయిండని ఎవలు జెప్పిన్రు?”

“ఊరంత గదే అంటది కాకా.”

“ఊరు జూసిందా?” అన్నాడు పోశయ్య. “ఆయన ఏడికీ పోలే బిడ్డా. రజాకార్ల లొల్లిల పోయిండు. ఈ కండ్లతోని జూసిన. ఎవలో ఏమో ఇన్నొద్దులు నాకు ఎరక లేకుండె,” అన్నాడు.

భోజన్న చెయ్యి కడుక్కుని వచ్చి, “నాకు జెప్పకు,” అన్నాడు. “ముందుగాల మా అవ్వ ఇనాలె.”

“ఆమె కాళ్లకు మట్టెలున్నయా ఇంక?”

“ఉన్నయి.”

“మరి నేను జెప్తే?”

ఆ మాటకు జవాబు చెప్పడానికి భోజన్నకు వారం పట్టింది. మరుసటి శుక్రవారం వచ్చి పోశయ్య మంచం మీద కూర్చున్నాడు. “మొగడు ఇడిసినామె అని ఏ పెండ్లిల గూడ ఆమెను ముంగట నిలవడనియ్యరు కాకా. మట్టెలుండి ఏం లాభం? జెప్పు.”

ఆ రోజుల్లో చదువురాని వాళ్లు ఇంటికి మాటలు పంపేది క్యాసెట్లలోనే. సెలవు మీద పోయేవాళ్లు తీసుకుపోయేవారు, జవాబు మళ్లీ అదే దారిన వచ్చేది. గదిలో టేప్‌రికార్డర్ ఉన్నది మీరా హుస్సేన్‌కు. దాన్ని మంచం మీద పెట్టి మీట నొక్కాడు.

“అక్కా, నేను పోశయ్యను. నీ కొడుకుతోని ఒక్క రూముల ఉంట,” అని పోశయ్య ఆగాడు. ఆగినవాడు అలాగే ఉండిపోయాడు.

మీరా హుస్సేన్ మీట ఎత్తేశాడు. “ఏంటి పెద్దాయనా, క్యాసెట్టు తిరిగిపోతా ఉంది!”

“ఆమె ఊ అనాలె గద.”

“ఆవిడెక్కడుందయ్యా ఇక్కడ! కావాలంటే నేనంటా.”

“నువ్వంటే నీకు జెప్పినట్టయితది. గీ ముచ్చట ఆమెది.”

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పోశయ్య ఊ కొట్టేవాళ్లు లేకుండా ఏదీ చెప్పినవాడు కాదు. చివరికి ఆయన పద్ధతే సాగింది. ఒక్కో మాట చెప్పి, ఊ కొట్టేంత జాగా వదిలి, మళ్లీ అందుకున్నాడు. భోజన్న గడప అవతల కూర్చుని విన్నాడు.

“మా అక్కోళ్ల ఊరికి పోయిన అక్కా. నాకప్పుడు మీసాలు అప్పుడప్పుడే వస్తున్నయి.”

జాగా.

“జనం దొర గరిసె తాళం పలగ్గొట్టి వడ్లు పంచుకుంటున్రు. మాపటీలి లారీ వచ్చింది. రజాకార్లు దిగిన్రు. ముంగట దొర గుమాస్తా ఉన్నడు.”

జాగా.

“దూదేకుల హబీబున్నీసమ్మ నా రెక్కవట్టి గుంజి దూది కుప్పల దొబ్బింది. తడక సందులకెళ్లి జూసిన. అందరు ఉరికిన్రు. ఒక్క మనిషి ఉరకలే. ముసలామె ఒకామె ఒడి నిండ వడ్లు పోసుకొని లేవలేకపోతున్నది. ఆమెను లేపవట్టిండు. తలపాగ ఊడింది. చెవి అవుపడ్డది. ఎడమది. సగమే ఉన్నది.”

జాగా.

“తుపాకి రెండుపార్లు పేలింది. వడ్ల మీదనే పడ్డడు. ఆ సప్పుడుకు ఇల్లంత దూది లేసింది. నా కండ్ల ముంగట తెల్లగ, ఊకె తేలుకుంట...”

ఈసారి జాగా చాలాసేపు సాగింది.

“లారీల ఏసుకొని పోయిన్రు. ఏడికి కొంటవోయిన్రో నాకు ఎరక లేదు. ఎరక లేనిది నేను జెప్ప.”

పక్క గదిలోంచి సెలవు మీద పోతున్న పర్శరాములు ఆ క్యాసెట్ తీసుకుపోయి, తిరిగి వచ్చేటప్పుడు జవాబు తెచ్చాడు. దాన్ని టేప్‌రికార్డర్‌లో పెట్టకముందే తను చూసింది చెప్పాడు.

“నువ్వు ఆగిన కాడల్ల ‘ఊ తమ్మీ’ అన్నది కాకా, నువ్వు ముంగట కూసున్నట్టే. చుట్టున్నోళ్లు నవ్విన్రు గూడ. పేలింది అన్నంక నువ్వు ఆగినవు జూడు, ఆడ అనలే. ఎవ్వలం అనలే. టేపు మటుకు ఆగకపాయె.”

తర్వాత కొమురవ్వ గొంతు వినిపించింది. కోడికూతలు, వాకిలి చప్పుళ్ల మధ్య దూరంగా, బావిలోంచి వస్తున్నట్టు ఉంది.

“పోశయ్య తమ్మీ, తెల్లారి పొయ్యి అంటిచ్చిన. అలవాటుగ నోరు తెరిచిన. ఏమనాల్నో తెల్వలే. నోరు తెరుసుకొని అట్లనే కూసున్న. చావు జెప్పినవు, మంచిగ జెప్పినవు. వాడు బొంబాయి పోలే అని ఊరంత ఇన్నది, గది సాలు. గని లారీ రాకముందుగాల గూడ నువ్వు ఆడనే ఉంటివి గద? వాడు నవ్విండా? ఎవలతోనన్న మాట్లాడిండా? గది జెప్పు. గది ఇన్నంక మట్టెలు దీస్త. గప్పటిదాక దియ్య.”

ఆ వారమంతా పోశయ్య గోనెలు తడుపుతూ ఆ పొద్దును వెతుక్కున్నాడు. ఇన్నేళ్లూ ఆయన మనసులో ఎప్పుడు ఆ ఊరికి పోయినా నేరుగా లారీ దగ్గరికే పోయేవాడు. అంతకుముందూ ఒక పొద్దు ఉందన్న సంగతే మరిచిపోయాడు. ఇప్పుడు ఆవిరి కదిలినప్పుడల్లా అందులోంచి ఒక్కొక్కటీ నడిచి వస్తోంది. చూడనిది ఒక్కటి కూడా కలవకూడదని తనకు తానే చెప్పుకున్నాడు. అనుమానంగా వచ్చినవాటిని వెనక్కి పంపేశాడు. “పని చెయ్, యల్లా!” అని పని మీద పెత్తనం చేసే ముదీర్ రెండుసార్లు కేకేశాడు.

శుక్రవారం మీరా హుస్సేన్ మీట నొక్కాడు. ఈసారి భోజన్న గడప లోపలికి వచ్చి కూర్చున్నాడు.

“పొద్దుగాల వచ్చిండక్కా. భుజం మీద మోకు ఉన్నది. హబీబున్నీసమ్మను నీళ్లడిగిండు. ‘కల్లు గీసెటోనికి నీళ్లెందుకు?’ అన్నదామె. నవ్విండు. మస్తు నవ్విండు. నీళ్లు మీద పోసుకున్నడు నవ్వి నవ్వి.”

జాగా.

“వడ్లు కొలువ దొర కుంచం తెచ్చిన్రు. ‘గీ దొంగ కుంచం మనకెందుకు?’ అని బోర్లేసి దాని మీద కూసున్నడు. తలపాగ ఇప్పి అండ్లనే వడ్లు వట్టి పంచిండు. మళ్ల సుట్టుకుంటే తలల పొట్టు. ‘నా ఇంటిదానికి గూడ ఒక మూట తియ్యున్రి, వట్టి మనిషి కాదు’ అన్నడు. గది నేను ఇన్న. నా శెవులతోని ఇన్న.”

భోజన్న తల వంచుకున్నాడు. పోశయ్య చెబుతూనే ఉన్నాడు. వడ్ల దుమ్ములో ఎండ ఎలా పడిందో, ఒక మేక గరిసెలో దూరితే ఆ మనిషి దాని తోక పట్టుకుని ఎలా లాగాడో, పడి లేచి మేకనే తిట్టాడని ఆడవాళ్లు ఎలా నవ్వారో చెప్పాడు. మధ్యాహ్నం అయింది. మూటలు కడుతున్నారు. అప్పుడు టక్కున మీట దానంతటదే లేచింది.

“రెండో వైపు తిప్పాలి,” అని మీరా హుస్సేన్ చెయ్యి చాపాడు. “లారీ ఇంకా రాలేదుగా.”

భోజన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“వద్దు భాయ్. ఇట్లనే పంపుదాం.”