పరీక్షకు రాసిన వాన

పెనుకొండలో జెరాక్సు కొట్టు నడిపే జయరాజు ఏదైనా రాసేముందు చూపుడువేలిని చొక్కాకు తుడుచుకుంటాడు. బొమ్మలూ వీడియోలూ లేకుండా ఉత్త రాతలతో నడిచే చిన్న నెట్‌వర్కు అతనిది. పెనుకొండ, హిందూపురం, ధర్మవరాల్లో ఊరికొక పాత కంప్యూటరు. ఒకదాని రాతలకు మిగతావి నకలు తీసుకుంటాయి. చుట్టుపక్కల పల్లెలవాళ్లు దగ్గరి ఊరి కంప్యూటరులోని నకలును ఫోనులో చదవచ్చు, జవాబు రాయచ్చు. ఎవరి నకలు వాళ్లది, ఇంకొకరు చెరపలేరన్నది అతను గర్వంగా పెట్టిన నియమం. "మనది ఎవురు సదువుతారప్పా" అని గొణుగుతూనే రోజూ దాన్ని బాగుచేస్తుంటాడు. గంటకోసారి తీసే నకలును ఆ ఉదయం నిమిషానికోసారి తీసేలా మార్చాడు. పరీక్షకని "పెనుకొండలో పెద్ద వాన, నల్లమాడ పక్కకు వస్తాండాది" అని రాసి, రెండు ఊళ్లకూ చేరగానే మురిసిపోయి, తన దగ్గర చెరిపేశాడు.

కాసేపటికి నల్లమాడ నుంచి రైతు ప్రమీల ఫోను. "యాడుందన్నా వాన? నీ రాత సూసి శెనక్కాయ పెరికే కూలోళ్లను ఇండ్లకు పంపిస్తిమి. ఈడ ఎండ మండిపోతాండాది."

"అది చెరిపేస్తి గదమ్మా!"

"మాకు కనపడతానే ఉండాది."

జయరాజు మిగతా రెండు ఊళ్ల నకళ్లు తెరిచి చూశాడు. తన తెర మీద లేని వాన హిందూపురంలో ఉంది, ధర్మవరంలో ఉంది. దాని కింద "నూలు లోపల పెట్టినాం", "మేమూ పని ఆపినాం" అంటూ ఇరవై జవాబులు. వేలు తుడుచుకోవడం మరిచిపోయి రాశాడు: "వాన లేదు. తప్పు నాది." అదీ నిమిషంలోనే చేరింది. కూలీలు అప్పటికే ఇళ్లు చేరారు.