కనుమ కింద కూలబడింది సేటు కాదు

సేటు పోయాడన్న కబురు నాకు ఏడో తరగతి గదిలో అందింది. ఆయన కొడుకు ఫోను చేసి, "సారూ, బాపు పోయిండు. అమ్మ నిన్ను రమ్మంటున్నది" అని పెట్టేశాడు. పొద్దున దుకాణం తెరిచి, గద్దె మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడట. నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టి, హెడ్మాస్టరుకు చెప్పి పరుగెత్తాను. పోయేసరికి వాకిలి నిండా జనం.

సేటు భార్యను నేను వదిన అంటాను. ఆమె నన్ను చూసి లేచి వచ్చి నా రెండు చేతులు పట్టుకుంది. "ఆరేండ్ల కింద గా మంచుకొండల మీదికెళ్లి నువ్వు పట్టుకొస్తివి సారూ, ఇయ్యాల ఎవలు పట్టుకొస్తరు" అని ఏడ్చింది. వెనకనుంచి ఎవరో, "గీ సారు లేకుంటే సేటు గప్పుడే పోతుండె" అన్నారు. నేను నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను.

ఆరేళ్లుగా నేను చేస్తున్నది అదే, నోరు మూసుకోవడం. హిమాలయాల్లో రెండు కొండల నడుమ ఉన్న ఎత్తైన దారి, ఆ కనుమ దాటకముందే సేటు మోకాలు పట్టుకుని కూలబడ్డాడని, నేను నా యాత్ర వదులుకుని ఆయన్ను కిందికి దించానని మా ఆర్మూరులో చిన్న పిల్లవాడిని అడిగినా చెబుతాడు. అది అబద్ధం. ఆయన బతికి ఉండగా ఆ మాట చెప్పలేకపోయిన పిరికివాడిని నేను. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే.

సేటు మా పసుపు అడ్తిదారు, రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టేవాడు. అంకాపూర్‌లో మా నాయన పండించిన పసుపు ఆయన దుకాణంలోనే దిగేది, నాయన తర్వాత నాదీ అంతే. "సేటు గారూ" అంటే ఆయనకు నచ్చేది కాదు. "గారు పెట్టకు సారూ, నా ఎనక ఇంకెవలన్న ఉన్నరా అని మళ్లి చూడాల్సొస్తది" అనేవాడు. అందుకే ఇక్కడా పెట్టడం లేదు.

ఆయనకో అలవాటుండేది. బస్తాలో చెయ్యిపెట్టి గుప్పెడు కొమ్ములు తీసి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కళ్లు మూసుకుని, చెవి దగ్గర ఆడించేవాడు. బాగా ఎండిన కొమ్ము గలగలమంటుంది. లోపల తడి ఉంటే మొద్దుగా పలుకుతుంది. రంగు చూసి మోసపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను గానీ, ఆయన చెవి మోసపోగా చూడలేదు. "కండ్లకు సున్నం కొట్టొచ్చు సారూ, చెవికి కొట్టలేరు" అని నవ్వేవాడు. ఆ అలవాటు ముదిరి చివరికి కొబ్బరికాయనూ, అగ్గిపెట్టెనూ, మా ఇంటికి చేయించిన కొత్త తలుపునూ చెవిపెట్టే చూశాడు. తలుపు పచ్చిగా ఉందన్నాడు. నేను వినలేదు. వానాకాలం వచ్చేసరికి అది ఉబ్బి గడియ పడలేదు.

మేం అయిదుగురం రోజూ తెల్లవారకముందే సిద్ధులగుట్ట ఎక్కేవాళ్లం. నల్లరాయి కాలకముందే ఎక్కి దిగాలని పందెం వేసుకున్నట్టు ఎక్కేవాళ్లం. ఒకరోజు పైన కూర్చుని సేటు, "నలభై ఏండ్లాయె పసుపు దుమ్ము మింగవట్టి. దుమ్ము లేని గాలి ఎట్లుంటదో ఒక్కపారి చూడాలె. మోకాలు ఇంకొక్క ఏడాదే పనికొస్తదన్నడు డాక్టరు" అన్నాడు. మిగతావాళ్లం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ ఎండాకాలం మేం అయిదుగురం ఉత్తరాఖండ్ లోయల్లోకి ఎనిమిది రోజుల నడకకు బయల్దేరాం.

నడక బాగానే మొదలైంది. రెండు రోజులు దేవదారు చెట్ల మధ్య, నది పక్కన. మూడో రోజు నుంచి చెట్లు పోయి గడ్డి, గడ్డి పోయి రాళ్లు. గైడు ఆ కొండల మనిషే, నలభై దాటినవాడు. మెల్లగా నడవండి, నీళ్లు తాగండి, కూర్చోండి అని హిందీలో మొత్తుకునేవాడు. మేం వింటేనా? ఎండెక్కకముందే పని తెమల్చుకోవడం మా ఒంట్లో ఉంది. చీకటితో లేచి, గుట్ట ఎక్కినట్టు దడదడ ఎక్కి, ఆయన మధ్యాహ్నానికి చేరమన్న చోటికి పది గంటలకే చేరేవాళ్లం. "మీ వెనక పులి గానీ పడిందా" అని అడిగాడు గైడు. అక్కడి ఎండకూ మా ఎండకూ పోలిక లేదని, అక్కడ మనిషిని దెబ్బతీసేది తొందరేనని మాకు తట్టలేదు. అయిదుగురిలో అందరికంటే ముందు పరుగెత్తింది నేనే.

నాలుగో రోజు నాకు తలనొప్పి మొదలైంది. అయిదో రోజు దగ్గు. అన్నం చూస్తే వాంతి. సాయంత్రం గైడు అందరి వేళ్లకూ చిన్న మిషన్ తగిలించి ఒంట్లో ఆక్సిజన్ ఎంత ఉందో చూసేవాడు. నా అంకె తక్కువ వచ్చింది. చేతులు చల్లబడ్డాయని చెప్పి, వంట పొయ్యి మీద వేళ్లు కాచుకుని, నాలుగు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి మళ్లీ పెట్టాను. అంకె కాస్త పెరిగింది. గైడు నా మొహంలోకి చూసి, నిజం చెప్పమన్నాడు. బాగానే ఉన్నానన్నాను. బడిలో పిల్లలందరి ముందూ, కనుమ మీద నిలబడి ఫోటో దిగి వస్తానని చెప్పి వచ్చాను మరి. ఆరో తరగతి వాళ్లకు ధైర్యం గురించి పాఠం చెప్పిన నోరది.

ఆరో రోజు కనుమ ఎక్కాలి. మంచు మీద బారుగా నడుస్తున్నాం. ముగ్గురు మిత్రులూ గైడూ ముందుకు పోయారు. నేను వెనకబడ్డాను. నాతో సేటు, సామాను మోసే మనిషి ఒకడు. పది అడుగులు వేస్తే ఆగాలి. తర్వాత అయిదు. తర్వాత రెండు. కనుమ కనిపిస్తూనే ఉంది, రెండు నల్లరాళ్ల మధ్య తాళ్లకు కట్టిన రంగుగుడ్డలు కొట్టుకుంటున్నాయి. గంట నడక. ముందుపోయిన నలుగురూ అప్పటికే పైకి చేరి మాకు చేతులు ఊపుతున్నారు.

"సారూ, నీ దగ్గు బాగలేదు" అన్నాడు సేటు.

"ఏం కాలే సేటూ. నడువు."

"పెదవులు నేరేడుపండు లెక్క అయినయ్."

"చలికి."

ఆయన నా భుజం పట్టి తిప్పి, కోటు పైకెత్తి, చలికి నేను అరుస్తున్నా వినకుండా చెవి నా వీపుకు ఆనించాడు. "ఊపిరి పీల్చు." పీల్చాను. "ఇడువు." విడిచాను. ఇంకోవైపు పెట్టాడు. మళ్లీ పీల్చమన్నాడు. ఎంతసేపు విన్నాడో తెలియదు. చెవి తీసి నా ముందుకొచ్చేసరికి ఆయన మొహం తెల్లబోయి ఉంది.

"తడి ఉన్నది సారూ. లోపల బుడబుడమంటున్నది. దిగాలె."

సామాను మనిషి అడ్డం చెప్పాడు. గంటలో పైకి చేరతామనీ, ఆక్సిజన్ సిలిండరు గైడు సంచిలో పైనే ఉందనీ, దిగడం అటువైపూ దిగడమేననీ అన్నాడు. నేనూ అదే పట్టుకున్నాను. "గంటనే గద సేటూ. ఇంత దూరమొచ్చి..." అంటుండగానే దగ్గు తెర వచ్చింది. మంచు మీద ఉమ్మితే గులాబిరంగు నురుగు. ముగ్గురం దాన్ని చూశాం.

"గంట ఎక్కుడు నీ ఒల్ల కాదు" అన్నాడు సేటు. "నడువు ఎనకకు. నా మాట ఇనకుంటె ఈడ్చుకపోత."

నన్ను వెనక్కి నడిపించే ముందు ఆయన ఆ మంచు మీద చతికిలబడి, పైనున్నవాళ్లకు కనిపించేలా రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. మీరు పొండి, మేం దిగుతున్నాం అని. అంతదూరం నుంచి వాళ్లకు కనిపించింది అదే, సేటు కూర్చున్నాడు, సారు పక్కన నిలబడ్డాడు. ఆర్మూరు కథంతా అక్కడే పుట్టింది.

దిగడం గురించి ఎక్కువ రాయలేను, చాలా భాగం గుర్తు లేదు. నా సంచి ఆయన ఛాతీ మీద, ఆయన సంచి ఆయన వీపు మీద. అరవై రెండేళ్ల మనిషి. సామాను మనిషి ఒక రెక్క, ఆయన ఒక రెక్క. నేను కూర్చుంటానంటే తిట్టేవాడు. ఆయన నోట అలాంటి తిట్లుంటాయని నాకు ఆరోజే తెలిసింది. పొద్దున మడమలు తడవకుండా దాటిన వాగు, ఎండకు మంచు కరిగి, మధ్యాహ్నానికి తొడల లోతు వచ్చింది. నీళ్లలో రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. సేటు ఒడ్డున నిలబడి, ఆ చప్పుడు ఎక్కడ తక్కువో కాసేపు విని, అటు దాటించాడు. నడుమ నీళ్లలో నా కాలు జారింది. నన్ను పట్టుకోబోయి ఆయన కుడికాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని మెలితిరిగింది. ఒక్క కేక వేశాడు. అంతే. ఒడ్డెక్కాక అడిగితే, "ఏం కాలే, నడువు" అన్నాడు. పొద్దున నేను ఆయనతో అన్న మాటే.

చీకటిపడేలోగా పచ్చికబయలుకు చేరాం. అంత కిందికి వచ్చేసరికే నా ఊపిరి కొంచెం తెరిపినపడింది. మర్నాడు గుర్రం మీద, తర్వాత జీపులో, తర్వాత దవాఖాన. అక్కడి డాక్టరు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనీ, కనుమ ఎక్కి ఉంటే అవతలికి శవాన్ని దించేవాళ్లనీ సేటుతో అన్నాడు. నేను మంచం మీద పడుకుని విన్నాను.

మూడో రోజు లేచి కూర్చున్నాక నేను అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "సేటూ, ఊర్ల ఏమని చెప్తం?" ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆయన మోకాలికి పట్టీ కట్టించుకుని పక్కన కూర్చుని ఉన్నాడు.

"నా మోకాలు పట్టుకున్నదని చెప్దం. వాళ్లు చూసింది గూడ గదే గద."

"అబద్ధం గద సేటూ."

"ఇప్పుడు నిజమే అయిపాయె" అని పట్టీ చూపించాడు. "నీకు బడి ఉన్నది, పిల్లలు చూస్తరు. నేను గద్దె మీద కూసునేటోన్ని. నా మోకాలు ఎవలు చూస్తరు? ఫికర్ చెయ్యకు."

నేను ఒద్దనలేదు. లోపల సంతోషపడ్డాను.

ఊళ్లో నన్ను మెచ్చుకున్నారు. మిత్రుడి కోసం కనుమ వదులుకున్నవాడని బడిలో శాలువా కప్పారు. కప్పించుకున్నాను. సేటును చూసి పసుపు మార్కెట్ యార్డంతా నవ్వింది. "ఏం సేటూ, మోకాలు మంచుల మర్చిపొయ్యొచ్చినవట" అని హమాలీలు కూడా అనేవాళ్లు. "యాదికి రానియ్యకుండ్రి, మళ్ల పొయ్యి తెచ్చుకోవాల్సొస్తది" అనేవాడు. ఆ మోకాలితో ఆయన మళ్లీ గుట్ట ఎక్కలేదు. వదిన పండుగ పండుగకూ నన్ను పిలిచి, మొదటి వడ్డన నాకే చేసేది. సేటు పక్కన కూర్చుని, "తిను సారూ" అనేవాడు. రెండుమూడు సార్లు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన ఆపాడు. ఆపకపోతే చెప్పేవాడినా అంటే, నాకు నమ్మకం లేదు.

పదో దినం నాడు కర్మ అయ్యాక, జనం భోజనాలకు లేచారు. వదిన నా విస్తరి తనే తెచ్చింది. ఇక కుదరదనిపించింది. విస్తరి పక్కన పెట్టి, అందరూ వింటుండగానే చెప్పాను. దగ్గు, మిషను, వేళ్లు కాచుకోవడం, నురుగు, వాగు, దవాఖానలో నేను అడిగిన మాట. ఒక్కటీ దాచలేదు.

ముందుగా వదినే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఆరేండ్లు నా చేతి అన్నం తిన్నవు సారూ."

"తిన్న వదినా."

"ఆయన్ని చూసి నేను గూడ నవ్విన. మా సుట్టాలల్ల చెప్పుకొని నవ్విన. సగంల కూలవడ్డవు, ఇంకేం మొగోనివని గూడ అన్న ఒక దినం. ఒక్క మాట అనకపాయె." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కొడుకు లేచి నా వైపు రాబోయాడు. చెయ్యెత్తి ఆపింది. తర్వాత అడిగింది. "గా కనుమ ఆయనకు కానొచ్చిందా? కండ్లార చూసిండా?"

నాకు తెలిసిన నిజం ఇంకొక్కటే మిగిలి ఉంది. అదీ చెప్పాను.

పైనున్నవాళ్లు అవతలికి దిగిపోయాక కూలబడిన నన్ను లేవదీసి, రెండు సంచులూ తగిలించుకున్నాక, అంతదాకా నన్నే కనిపెట్టుకుని ఉన్న సేటు కనుమను కళ్లారా చూసుకుందామని ఒక్కసారి పైకి తిరిగాడు. కళ్లద్దాల మీద నా ఊపిరో, ఆయన ఊపిరో ఆవిరి పట్టి ఉంది. మఫ్లరు కొసతో ఒక్కో అద్దం నిదానంగా, మచ్చ లేకుండా తుడుచుకున్నాడు. పెట్టుకుని చూసేసరికి మబ్బు దిగింది. కనుమ లేదు, రంగుగుడ్డలు లేవు, అంతా తెలుపు. ఆ తెలుపు వైపే, తల కాస్త పైకెత్తి, తుడిచిన అద్దాలతో నిలబడి ఉన్నాడు.